హెయిసెయి 7 అంటే 1996 ఎందుకు రాదు?

జపాన్‌లో ఏళ్లను చక్రవర్తుల పాలనాకాలాల పేర్లతో, అంటే శకాలతో లెక్కిస్తారు; హెయిసెయి అలాంటి ఒక శకం. జపాన్‌లోని కోబే భూకంపం హెయిసెయి 7లో వచ్చింది. మీరు 1989కి 7 కలిపారు, అందుకే అది 1996కి వెళ్లిపోయింది. 1989 ఏడాదే హెయిసెయి 1. జపాన్ శకాల్లో సున్నా సంవత్సరం ఉండదు. కాబట్టి శకం మొదలైన ఏడాది నుంచి ఒక ఏడాది వెనక్కి వెళ్లి, దానికి శకం సంఖ్యను కలపాలి. ఒక్కో శకానికి కలపాల్సిన ఏడాది ఇదీ:

షోవా: 1925
హెయిసెయి: 1988
రెయివా: 2018

1988కి 7 కలిపితే 1995 వస్తుంది.

చాలామంది వదిలేసేది నెల, రోజు చూడటం. శకం మారడానికి జనవరి 1తో పనిలేదు. 1989లో జనవరి 7 వరకూ షోవా 64, మర్నాటి నుంచి హెయిసెయి 1. 2019లో ఏప్రిల్ 30 వరకూ హెయిసెయి 31, మే 1 నుంచి రెయివా 1. ఒకే ఏడాదికి రెండు పేర్లు కనిపిస్తే టెన్షన్ పడకండి, రెండూ సరైనవే.

ఇంకా పాత శకమైన మెయిజీకి 1867 కలపండి. అయితే 1873కి ముందు తేదీలు పాత చాంద్రమానంలో ఉంటాయి, నెలా రోజూ నేరుగా కుదరవు.