2009 ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఐర్లాండ్‌పై ఫ్రాన్స్ తరఫున గోల్ కొట్టింది గలాస్ కదా, తిట్లన్నీ అతని జట్టువాడు థియరీ హెన్రీకి ఎందుకు?

గోల్ గలాస్‌దే, కానీ బంతి అతని తల దాకా వచ్చింది హెన్రీ ఎడమచేతి చలవ వల్లే. 2009 నవంబర్ 18, వరల్డ్ కప్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్‌లో రెండోది, ఫ్రాన్స్‌లోని స్టాడ్ డి ఫ్రాన్స్ స్టేడియం. డబ్లిన్‌లో మొదటి మ్యాచ్ 1-0తో ఓడిన ఐర్లాండ్, రాబీ కీన్ గోల్‌తో లెక్క సరిచేసి ఎక్స్‌ట్రా టైమ్‌కి లాక్కొచ్చింది. 103వ నిమిషంలో ఫ్రీకిక్ బయటికి పోయేలా ఉంటే హెన్రీ చేత్తో ఆపాడు, మళ్లీ ఇంకోసారి తాకి కాలి దగ్గరికి తెచ్చుకుని గలాస్‌కి అందించాడు. ఒకసారైతే పొరపాటున తగిలిందనుకోవచ్చు, రెండుసార్లంటే నమ్మడం కష్టం. ఐరిష్ ఆటగాళ్లు ఎంత మొత్తుకున్నా రిఫరీ గోల్ ఇచ్చేశాడు; వీడియో చూసి రిఫరీ తప్పు సరిదిద్దే వీఏఆర్ అప్పటికి లేదు మరి. చెయ్యి తగిలిన మాట నిజమేనని మ్యాచ్ తర్వాత హెన్రీయే ఒప్పుకున్నాడు. ఐర్లాండ్ కోర్టుకెక్కకుండా ఫిఫా 50 లక్షల యూరోలు ఇచ్చిందని 2015లో బయటపడింది.