ఆ వీధి, ఆ చాపెల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాత వీధి గురించీ, వీధి చివరనున్న చాపెల్ (చిన్న చర్చి) గురించీ పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రాసి పెట్టాలని మొదలుపెట్టాం. ఎవరిని కదిపినా ‘ఆ రోజులే వేరు’ అంటారు, అక్కడితో సరి. వివరాలు ఎలా రాబట్టాలి?

జవాబు: ‘అప్పట్లో ఎలా ఉండేదండీ?’ అని అడిగితే ఆ మాటే వస్తుంది. ప్రశ్న మరీ పెద్దది. వీధిని గుమ్మాలుగా విడగొట్టి అడగండి. అందుకు ముందు ఒక పటం కావాలి. ఏ3 కాగితం పొడవు 42 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 5 మీటర్ల లెక్కన గీస్తే 200 మీటర్ల వీధి ఒక్క కాగితంలో పడుతుంది. రోడ్డు, మలుపులు, చాపెల్ లాంటి కదలని గుర్తులే గీయండి. ఇళ్ళు గీయకండి. ఇళ్ళు ముందే గీసి చూపిస్తే ఎదుటివాళ్ళు మీ పటానికి తలూపుతారు తప్ప తమ వీధిని చెప్పరు.

ఇక ఒక చోట నిలబెట్టి నడిపించాలి. ‘చాపెల్ గేటుకి వీపు పెట్టి నిలబడ్డారనుకోండి. ఎడమచేతి పక్క మొదటి గుమ్మం ఎవరిది? దాన్ని ఆనుకుని?’ ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు. పేరు తట్టకపోతే మెట్లు ఎన్ని, తలుపు రంగేమిటి, అరుగు మీద ఎవరు కూర్చునేవారు అని అడగండి. అప్పటికీ రాకపోతే ఖాళీ వదిలి ముందుకు సాగండి. చాలాసార్లు రెండిళ్ళు దాటాక ఆ పేరు దానంతటదే వస్తుంది. ఇంటి నంబర్ల మీద ఆధారపడొద్దు, అవి మారిపోతుంటాయి. ‘ఎడమ 1, ఎడమ 2’ అని మీ లెక్క మీరే పెట్టుకోండి.

పటం మీద పరిచి రాయడానికి మనిషికో ట్రేసింగ్ కాగితం (అడుగున ఉన్న గీతలు కనిపించే పలచటి కాగితం) వాడండి. దాని మీద వాళ్ళ పేరూ, ఏ వయసు నుంచి ఏ వయసు దాకా ఆ వీధిలో ఉన్నారన్నదీ తప్పకుండా రాయండి. ఎనిమిదేళ్ళ పిల్ల చూసిన వీధి వేరు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు చూసిన వీధి వేరు. నలుగురినీ ఒకేసారి కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ళ జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. విడివిడిగా అడగడం ముగిశాకే అందరినీ కూర్చోబెట్టి, కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి చూపించండి. తేడా వచ్చిన చోట వాదన మొదలవుతుంది. అసలు సరుకు బయటపడేది అప్పుడే, రికార్డరు ఆపకండి.

ప్రశ్న: చాపెల్ గురించి అడిగితే సాక్ష్యం (తమ విశ్వాస అనుభవం) చెబుతున్నారు, లేదా పాస్టరుగారిని పొగుడుతున్నారు. అక్కడి రోజువారీ జీవితం ఎలా తెలుస్తుంది?

జవాబు: పనుల గురించి అడగండి. తాళంచెవి ఎవరి ఇంట్లో ఉండేది? ఆదివారం అందరికంటే ముందు ఎవరు వచ్చేవారు, వచ్చి మొదట ఏం చేసేవారు? ఎవరు ఊడ్చేవారు, ఎన్ని గంటలకు? గంట ఎన్నిసార్లు కొట్టేవారు? కీర్తన నంబరు పలక మీద పెట్టేవారా, నోటితో చెప్పేవారా? కానుకలు ఎక్కడ కూర్చుని లెక్కపెట్టేవారు? ఇలాంటివాటికి పొగడ్తతో జవాబు చెప్పడం కుదరదు.

తర్వాత బెంచీల పటం. వీధికి వేసినట్టే లోపలి గదికీ వేసి, ఏ వరసలో ఏ కుటుంబం, ఆడవాళ్ళెటు, మగవాళ్ళెటు, పిల్లలెక్కడ అని గుర్తించండి. చివరి బెంచీని మరిచిపోవద్దు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కొత్తవాళ్ళు ఎక్కువగా అక్కడే ఉంటారు, వాళ్ళ పేర్లు కమిటీ పుస్తకంలో కనిపించవు. సండే స్కూలు ఒకే హాల్లో జరిగి ఉంటే ఏ మూల ఏ తరగతో కూడా అడగండి.

పాటల విషయంలో మాటలు రాసుకుంటే చాలదు. మాటలు పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. వాళ్ళు పాడిన రాగం, సాగదీసిన చోటు, పల్లవి ఎన్నిసార్లు తిప్పేవారన్నది పుస్తకంలో ఉండదు. ఒక్క చరణమైనా పాడించి రికార్డు చేయండి.

ప్రశ్న: ఒకే సంఘటనకు ఇద్దరు పెద్దలు రెండు సంవత్సరాలు చెబుతున్నారు. ఎవరిది నమ్మాలి?

జవాబు: ఇద్దరిదీ రాయండి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి. ఆ తర్వాత తేల్చే పని. సంవత్సరం అంకె కన్నా దేని తర్వాత ఏది జరిగిందన్నది మనసులో గట్టిగా నిలుస్తుంది. ‘అప్పటికి మీ పెద్దబ్బాయి పుట్టాడా? చాపెల్‌కి కరెంటు వచ్చిందా?’ అని అడిగి వరుస కట్టండి.

చాపెల్ జ్ఞాపకాలకు క్యాలెండరు చక్కటి సాయం చేస్తుంది. ‘ఆ ఏడు క్రిస్మస్ ఆదివారమే వచ్చింది’ అని ఎవరైనా అంటే, 1950 నుంచి 1990 దాకా చూస్తే అది 1955, 1960, 1966, 1977, 1983, 1988లలో ఒకటి కావాలి. చెప్పినావిడ 1950లో పుట్టి, అప్పటికి తనకు పదేళ్ళంటే 1960 అని తేలిపోతుంది. ఈస్టర్ కూడా అంతే. పాశ్చాత్య సంఘాల లెక్కలో అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. మే నెలలో ఈస్టర్ ఆరాధన జరిగిందని చెబితే వాళ్ళు వేరే కూడికను తలుచుకుంటున్నారన్నమాట.

కాగితాలూ రాళ్ళూ కూడా పొరపాటు పడతాయి. శంకుస్థాపన రాయి మీది తేదీ పునాది వేసిన రోజు. ఆరాధన మొదలైంది ఆ తర్వాత నెలలకో ఏళ్ళకో కావచ్చు. పాత కట్టడం పడగొట్టి కొత్త గోడలో ఆ రాయినే మళ్ళీ అమర్చడమూ మామూలే. బాప్తిస్మం తేదీని పుట్టినరోజుగా ఎత్తి రాసుకోకండి. రిజిస్టరులో నెలల తరబడి పద్దులన్నీ ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒకే ఒత్తుడుతో ఉన్నాయంటే తర్వాత ఒకేసారి కూర్చుని ఎక్కించి ఉంటారని అనుమానించండి.

ప్రశ్న: రికార్డింగుకు ఫోను చాలా?

జవాబు: చాలు. ఎంపీత్రీ కాకుండా శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగుతో, మోనోలో (ఒకే చానెల్‌లో) పెట్టుకోండి. గంటకు సుమారు 520 మెగాబైట్లు పడుతుంది. ఫోను నోటికి జానెడు నుంచి అడుగు దూరంలో, మడిచిన తువాలు మీద పెట్టండి. ఉత్త బల్ల మీద పెడితే గ్లాసు కదిలిన చప్పుడు కూడా దెబ్బలా వినిపిస్తుంది. ఫ్యాను ఆపండి, ఫ్లైట్ మోడ్ వేయండి. ఖాళీ చాపెల్ హాల్లో ప్రతిధ్వని మాటల్ని మింగేస్తుంది. పెద్దవాళ్ళను అక్కడ తిప్పి చూపించి, రికార్డింగు మాత్రం పక్కనున్న చిన్న గదిలో చేయండి. అర నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్లతో వినకుండా అసలు పని మొదలుపెట్టొద్దు.

గంట మాటల్ని అక్షరం పొల్లుపోకుండా రాయాలంటే ఐదారు గంటలైనా పడుతుంది. చాలా బృందాలు చతికిలబడేది ఇక్కడే. ముందు ఐదు నిమిషాలకో వాక్యం చొప్పున సూచిక రాసుకోండి, ముఖ్యమైన భాగాలే పూర్తిగా ఎక్కించండి.

ప్రశ్న: చాపెల్ ఆవరణలోని సమాధుల మీద అక్షరాలు అరిగిపోయాయి. సుద్ద పూస్తే కనిపిస్తాయంటున్నారు.

జవాబు: పూయకండి. సుద్ద, పిండి, షేవింగు నురగ రాతి సందుల్లో మిగిలిపోయి దాన్ని పాడుచేస్తాయి. వైరు బ్రష్షు, యాసిడ్ సంగతి చెప్పనక్కర్లేదు. పొరలు లేస్తున్న రాయి మీద కాగితం పెట్టి రుద్దడం కూడా వద్దు. వెలుగు పక్క నుంచి, రాతి ముఖానికి దాదాపు ఆనుకుని పడితే చాలు, అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి వేయండి, పగలైతే నిలువుటద్దంతో ఎండను మళ్ళించండి. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటో తీస్తే ఒకదానిలో పోయిన అక్షరం ఇంకోదానిలో దొరుకుతుంది.

ప్రశ్న: సండే స్కూలు గ్రూపు ఫోటోలు ఆల్బమ్‌లో అతుక్కుపోయాయి. ఊడదీయవచ్చా?

జవాబు: లాగొద్దు. పేజీతో సహా స్కానరు మీద పెట్టండి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) సరిపోతుంది, అగ్గిపెట్టెంత ఫోటోలకు 1200. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలే వాడండి, బాల్‌పెన్ను ఒత్తుడు ముందు వైపుకు తేలుతుంది. అసలు మేలైన పద్ధతి, ఒక ప్రింటు తీసి మొహాల మీద అంకెలు వేసి పెద్దవాళ్ళ చేతికివ్వడం. ‘ఎడమ నుంచి మూడోవాడు’ అన్న లెక్క వరసలు కలిసిపోయిన చోట పనికిరాదు.

ప్రశ్న: సంఘం చీలిపోయిన గొడవ గురించి ఒకరు పేర్లతో సహా చెప్పారు. పుస్తకంలో వేయవచ్చా?

జవాబు: రికార్డింగులో ఉంచండి, పుస్తకంలో పేర్లు తీసేయండి. ఆ కుటుంబాలవాళ్ళు ఇంకా అదే బెంచీల్లో కూర్చుంటూ ఉంటారు. అనుమతి పత్రంలో ‘రికార్డు చేయవచ్చు’, ‘ఇతరులకు వినిపించవచ్చు’, ‘అచ్చు వేయవచ్చు’ అని మూడూ విడివిడిగా అడిగి, మూడింటికీ వేర్వేరుగా సంతకం తీసుకోండి. ఎవరైనా ‘ఇది నా తర్వాతే బయటపెట్టండి’ అంటే ఆ మాట కూడా పత్రం మీదే రాయించాలి.