పిల్లలు ఆరాధనలో మన పక్కనే కూర్చోవాలా?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. మా సంఘంలో ఆరాధన జరిగే సమయంలోనే పక్క గదిలో సండే స్కూల్ పెడతారు. పిల్లలు మొదటి నుంచి చివరిదాకా మాతోనే కూర్చోవాలని నా భర్త పట్టుదల. వేరుగా పంపితే వాళ్లకు భక్తి అంటే ఆటలా మారుతుందంటారు. బాబు అల్లరి చేస్తే ఎత్తుకుని బయటికి వెళ్లేది మాత్రం నేనే. ప్రసంగం పూర్తిగా విని నెలలు గడిచాయి. పాపేమో స్నేహితులతో సండే స్కూల్‌కు వెళతానంటుంది. శనివారం రాత్రి వచ్చేసరికి ఇంట్లో ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా మీ భర్త మాటలోని బలాన్ని ఒప్పుకోవాలి. ధర్మశాస్త్రం వినడానికి పురుషులతో, స్త్రీలతో పాటు పిల్లలనూ సమకూర్చాలని ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం చెబుతోంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు పిల్లలతో నేరుగా మాట్లాడతాడు. ఆ పత్రికలను సంఘంలో చదివి వినిపించేవారు కాబట్టి, పిల్లలు అక్కడే కూర్చుని వింటారని తలచే ఆయన అలా రాసి ఉండాలి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ మొదలుపెట్టినదీ వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదువు చెప్పడానికే గాని, వాళ్లను ఆరాధనకు దూరంగా ఉంచడానికి కాదు.

అయితే ఇంతమాత్రాన నాలుగేళ్ల బాబు ప్రసంగమంతా కదలకుండా కూర్చోవాలని తేల్చలేము. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే యువకుడైన ఐతుకే నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు, ఇక మీ బాబు సంగతి వేరే చెప్పాలా! సంఘాలన్నీ దీనికి ఒకే జవాబు ఇవ్వలేదు. ఆర్థడాక్స్ సంఘాలు పసిబిడ్డలకు కూడా ప్రభువు భోజనం, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం ఇస్తాయి. కతోలిక సంఘం 1973లో ఇచ్చిన మార్గదర్శకాలలో, వీలైన చోట పిల్లలకు వాక్య భాగాన్ని వేరే గదిలో వారికి అర్థమయ్యేలా జరిపి, ఆ తర్వాత పెద్దలతో కలపవచ్చని చెప్పింది. కలిసి ఉండడం, కాసేపు వేరుగా ఉండడం ఒకే ఆరాధనలో ఇమిడే విషయాలే.

బాబుకు ఇదే పద్ధతి నప్పుతుందని నా అభిప్రాయం. పాటలకు, ప్రార్థనకు, వాక్య పఠనానికి మీ దగ్గరే ఉంచుకోండి. వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడికి పెద్దల వీపులు తప్ప ఏమీ కనిపించవు కాబట్టి, మొహమాటపడకుండా ముందు వరుసల్లో, ఒక పక్కగా కూర్చోండి. నాన్న కళ్లు మూసుకుని ప్రార్థించడం చూడడం, కానుక తన చేత్తో వేయడం, అందరూ ఆమేన్ అన్న తర్వాత ఒక్క క్షణం ఆలస్యంగా తానూ గట్టిగా అనడం సండే స్కూల్ గదిలో దొరికేవి కావు. మీ భర్త కాపాడాలనుకుంటున్నది బహుశా దీన్నే. ప్రసంగం మొదలయ్యేటప్పుడు బాబును సండే స్కూల్‌కు పంపవచ్చు. ఆ గదిలో కనీసం ఇద్దరు పెద్దలు ఉంటున్నారా, పిల్లలను తల్లిదండ్రులకే అప్పగిస్తున్నారా అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి. అడగడం అపనమ్మకం కిందికి రాదు.

పాప విషయం వేరు. తొమ్మిదేళ్ల పిల్ల ప్రసంగంలో కొంతైనా అందుకోగలదు, కాని స్నేహితులతో కలిసి వాక్యం నేర్చుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఒక ఆదివారం మీతో పూర్తిగా కూర్చోబెట్టి, మరుసటి ఆదివారం అక్కడికి పంపండి. మీతో ఉండే వారం, చదవబోయే వాక్యభాగాన్ని ముందురోజే ఇంట్లో కలిసి చదవండి. ఇంటికి వచ్చాక పాఠం అప్పజెప్పించుకున్నట్టు ప్రశ్నలు మాత్రం వేయకండి. తమ్ముడికి కాపలాగా మాత్రం ఆమెను ఎప్పుడూ పంపవద్దు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బాబును ఎత్తుకుని బయటికి వెళ్లేది మీరొక్కరే అన్న మాట. నియమం ఆయనది, భారం మీది. పిల్లలు ఎక్కడ కూర్చోవాలన్న వాదన తేలినా, ఇది తేలకపోతే మీ గొడవ ఆగదు. శనివారం రాత్రి, ఆదివారం దారిలో కాకుండా, వారం మధ్యలో పిల్లలు నిద్రపోయాక ఈ మాట ఎత్తండి. "మీరన్నట్టే పిల్లలను మనతో ఉంచుదాం, కాని ఈ ఆదివారం బాబు మీ పక్కన కూర్చుంటాడు, అవసరమైతే మీరే బయటికి తీసుకెళ్లండి, నేను ప్రసంగం వింటాను" అని నిదానంగా చెప్పండి. ఎత్తిపొడుపు ధ్వనిస్తే ఆయన పంతానికి పోతారు. కొన్ని ఆదివారాలు బాబును తానే పట్టుకుంటే, ప్రసంగం వేళకు సండే స్కూల్‌కు పంపే ఆలోచన ఆయనకు అంత అభ్యంతరంగా తోచకపోవచ్చు.

మీరిద్దరూ కలిసి పాస్టర్ గారితోనూ మాట్లాడండి. సండే స్కూల్‌ను ఆరాధన మొత్తానికి బదులు ప్రసంగ సమయానికే పరిమితం చేయగలరేమో అడగండి. ఇదే ఇబ్బంది పడుతున్న తల్లులు మీ సంఘంలో ఇంకా ఉండే ఉంటారు. వీలుకాదంటే, బాబు పాటల తర్వాత ఆలస్యంగా వస్తాడని అక్కడి టీచర్‌కు ముందే చెప్పి ఉంచండి.