నోటు వెనుక ఏముందో ముందు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నా భర్త మిర్చి యార్డులో హమాలీ, నేను ఇంట్లో మిషన్ కుడతాను. 2022 జూన్ 12న అమ్మాయి పెళ్లికి బీరువా, ఫ్రిజ్, మంచం, బట్టలు కలిపి రూ.75 వేల సరుకు ఒక షాపులో వాయిదాల మీద తీసుకున్నాం. నా భర్త ఖాళీ ప్రామిసరీ నోటు మీద, నేను ఖాళీ చెక్కు మీద సంతకం చేశాం. షాపు కుర్రాడు వారం వారం వచ్చి రూ.500 తీసుకుని కార్డులో రాసేవాడు. అలా రూ.40 వేలు కట్టాం. మధ్యలో ఒకసారి నా భర్తను షాపుకు పిలిచి ఏదో కాగితం వెనుక సంతకం పెట్టించుకున్నారు. 2024 జనవరిలో బస్తా మీద పడి ఆయన నడుము దెబ్బతింది. ఆ తర్వాత కట్టలేదు. 2025 ఆగస్టులో, వడ్డీతో కలిపి రూ.1,32,000 కట్టాలని లాయరు నోటీసు వచ్చింది. యజమాని మా అమ్మాయి అత్తవారింటికి వెళ్లి నానా మాటలు అన్నాడు. ఇప్పుడేమో పాత నోటు చించేస్తాను, రూ.50 వేలకు కొత్త నోటు రాయండి అంటున్నాడు. మమ్మల్ని జైలుకు పంపుతారా? కొత్త నోటు రాసివ్వవచ్చా?

జవాబు: పైన కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో సగానికి పైగా వియ్యాలవారి ముందు జరిగిన అవమానం గురించే ఉంది. కేసును తేల్చేది అది కాదమ్మా. ‘ఏదో కాగితం వెనుక సంతకం’ అని ఒక్క వాక్యంలో దాటేశారే, అసలు సంగతి అక్కడుంది. ఆ కాగితం ఏమిటి? ఫ్రిజ్ ఇంటికి చేరినట్టు రాసుకున్న రసీదా, ప్రామిసరీ నోటా? నోటే అయితే సంతకం పైన ‘ఇంత సొమ్ము చెల్లు’ అని రాసి ఉందా? తేదీ ఎంత?

ఎందుకు అడుగుతున్నానంటే, అడగగానే చెల్లించాల్సిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. మీ నోటు గడువు 2025 జూన్ 12తో ముగిసింది. ఆలోగా దావా పడకపోతే ఆగస్టులో వచ్చిన నోటీసు దాన్ని బతికించదు. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. అయితే అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం, గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి బాకీదారు స్వదస్తూరీతోనో సంతకంతోనో నమోదైతే, ఆ చెల్లింపు నాటి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వ్యాపారులు నోటు వెనుక చెల్లు రాయించుకునేది ఇందుకే. మీ ఆయన పెట్టింది అలాంటి సంతకమై, తేదీ 2022 డిసెంబరు అయితే 2025 డిసెంబరు వరకు, 2024 జనవరి అయితే 2027 జనవరి వరకు షాపు యజమాని దావా వేయవచ్చు. అది కేవలం ఫ్రిజ్ రసీదైతే నోటుకు కాలం చెల్లిపోయినట్టే.

మరి కుర్రాడు వారం వారం రాసిన కార్డు? అందులో దస్తూరీ అతనిది, పొట్టి సంతకం అతనిది. మీ ఆయన సంతకం ఎక్కడా లేదు. కాబట్టి గడువు పెంచుకోవడానికి ఆ కార్డు యజమానికి పనికిరాదు. రూ.40 వేలు ముట్టాయని రుజువు చేయడానికి మాత్రం మీకు పనికొస్తుంది. నోటీసులో రూ.75 వేల మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ 38 నెలలకు కట్టి రూ.57 వేలు కలిపారు. మీరు కట్టిన దానిలో ఒక్క రూపాయి తగ్గించలేదు. ఈ లెక్కను పడగొట్టేది ఆ కార్డే. అలాంటిది, మొదటి కార్డు నిండిపోయిందని కుర్రాడు తీసుకెళ్లి కొత్తది ఇచ్చాడని తాపీగా రాశారు! వాయిదాలు కట్టేవారికి కార్డు కంటే విలువైన కాగితం ఉండదు. కనీసం ఫొటో అయినా తీయలేదా? పాత కార్డులోని మొత్తాన్ని కొత్త కార్డు మొదటి గడిలో రాసే అలవాటు షాపుల్లో ఉంటుంది. ఉందేమో ఈ రోజే చూడండి.

బాకీ తన పుస్తకాల్లో రాసి ఉందని యజమాని అంటే? లెక్కల పుస్తకంలోని పద్దు ఒక్కటే ఎవరినీ బాకీదారుగా తేల్చడానికి చాలదని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 28 చెబుతోంది.

ఇక కొత్త నోటు. దాని జోలికి పోవద్దు. కాలం చెల్లిన బాకీని కూడా తీరుస్తానని రాసి సంతకం చేస్తే అది చెల్లుబాటయ్యే ఒప్పందమని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) అంటోంది. పాత నోటు ఇప్పటికే చచ్చి ఉంటే, రూ.50 వేలకు మీరే దానికి ప్రాణం పోసినట్టవుతుంది. ‘వచ్చే నెల సర్దుతాం’ అని చీటీ రాసివ్వడం, వాట్సాప్‌లో పెట్టడం కూడా వద్దు. దీనికి విరుగుడుగా, సంతకమే మాది కాదని అనమని మీ బంధువు సలహా ఇచ్చాడట. ఆ అబద్ధం కోర్టులో తేలితే, కార్డు గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఖాళీ నోటు కాబట్టి చెల్లదన్న వాదన కూడా నిలవదు. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే దాన్ని పూరించుకునే అధికారం ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 20 చెబుతోంది. వడ్డీ గడి ఖాళీగా ఉండేదని, వడ్డీ లేదనే మాట మీద సరుకు తీసుకున్నారని రుజువు చేసుకోవలసింది మీరే.

జైలు భయం గురించి. నోటు బాకీ సివిల్ వ్యవహారం. కట్టే స్తోమత లేని మనిషిని కోర్టు డిక్రీ (చెల్లించమన్న తీర్పు) బాకీ కోసం జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. మీ ఆయన సంతకం చేసిన నోటుకు మీరు బాధ్యులు కారు. ప్రమాదం ఉన్నది మీ చెక్కుతోనే. దాని మీద ఏ తేదీ అయినా వేసుకోగలడు. అది తిరిగొచ్చి నోటీసు అందితే సొమ్ము కట్టడానికి మీకుండేది 15 రోజులే. ఖాతా మూసేస్తే తప్పించుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి, అప్పుడూ కేసు పడుతుంది. అయితే కొంత సొమ్ము ముట్టిన తర్వాత ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికి చెక్కు వేస్తే అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు బౌన్సు నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పిచ్చింది. అక్కడ కూడా కార్డే కావాలి.

ఫ్రిజ్, బీరువా ఎత్తుకుపోతామని బెదిరిస్తే, సరుకు మీకు అమ్మేసి ఇంటికి చేర్చాక కోర్టు ఉత్తర్వు లేకుండా యజమాని తాకరాదు. ఇంటి మీదికి వస్తే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

ఇప్పుడు చేయాల్సింది. మహిళ కాబట్టి మీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి కార్డు, నోటీసు, దాని కవరు తీసుకెళ్లండి. మీ ఆయన పేరుతో దావా ఇప్పటికే పడిందేమో ఈ-కోర్టుల వెబ్‌సైటులో చూడమనండి. పడి ఉంటే సమన్లు తీసుకుని తప్పక హాజరు కావాలి. ఇంట్లో కూర్చుంటే మీ వాదన వినకుండానే ఎక్స్ పార్టీ డిక్రీ వస్తుంది, దాన్ని అమలు చేసుకోవడానికి షాపు యజమానికి పన్నెండేళ్లు ఉంటాయి. పడకపోతే న్యాయవాది చేత స్పీడ్ పోస్టులో జవాబు ఇప్పించండి. నోటుకు ముందు, వెనుక రెండు వైపుల నకళ్లు పంపమని అందులో అడగాలి. ఎంత బాకీ ఉన్నామో, ఎప్పుడు కడతామో ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

నకలు వెనుక గడువు లోపలి చెల్లు, మీ ఆయన సంతకం కనిపిస్తే మొండికేయకండి. కార్డు లెక్క ప్రకారం అసలులో మిగిలిన రూ.35 వేలు చిన్న వాయిదాల్లో కడతామని లోక్ అదాలత్‌లో అడగండి. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు కాబట్టి, నోటు, చెక్కు రెండూ మీ చేతికి తిరిగి ఇవ్వాలన్న షరతు అందులో రాయించాకే సంతకం చేయండి.