ఆపరేషన్‌కు అప్పు సరే, స్కానింగ్‌కు డబ్బెందుకు లేకపోయింది?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. నాకు 37 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 36 వేలు వస్తుంది, అందులో నా జీతం 13 వేలు. ఇంటి ఖర్చు 27 వేలు, చీటీ 5 వేలు, పాప సుకన్య ఖాతాకు 1,500. బ్యాంకులో 14 వేలు ఉన్నాయి. రెండేళ్లుగా నెలసరిలో విపరీతంగా రక్తం పోతోంది. పది రోజులు ఆగదు, గడ్డలు గడ్డలుగా పడుతుంది. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. మొన్న స్కూల్లో కళ్లు తిరిగి పడిపోతే ఒక నర్సింగ్ హోంకు తీసుకెళ్లారు. ఒంట్లో రక్తం (హిమోగ్లోబిన్) 7.4 ఉందని, ఫైబ్రాయిడ్స్, అంటే గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని, గర్భసంచి తీసేయాలని, 90 వేలు అవుతుందని చెప్పారు. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ఒక ఏజెంటు మాత్రం ఇప్పుడే హెల్త్ పాలసీ తీసుకుని, జబ్బు సంగతి రాయకుండా రెండు నెలలాగి క్లెయిమ్ చేసుకోమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దమ్మా.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 90 వేలకు నెలకు 2,700. మీ లెక్క ప్రకారం నెలాఖరుకు చేతిలో మిగిలేదే 2,500. అంటే అసలులో ఒక్క రూపాయి తీరకుండానే వడ్డీకి ఇంకో 200 వెతుక్కోవాలి. ఆపరేషన్ తర్వాత మీరు కొన్ని వారాలు పనికి వెళ్లలేరు. కడుపు కోసి చేస్తే కోలుకోవడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు, అంటే దాదాపు 20 వేల జీతం పోతుంది. ఆ 90 వేలలో ఈ 20 వేలు ఎవరూ లెక్కవేయలేదు, అప్పిస్తానన్న ఆయన అసలే వేయడు. ఫోన్‌లో లోన్ యాప్‌ల మాట మీరు ఎత్తలేదు, సంతోషం. ఎత్తకండి కూడా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అప్పు మాట కాదు, ‘ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను’ అన్న మాట. నెలనెలా 5 వేల చీటీ కట్టే ఇంట్లో, పైడితల్లి పండక్కి అందరికీ బట్టలు కొనే ఇంట్లో, ఆడమనిషి స్కానింగ్‌కు, రక్తపరీక్షకు మాత్రం డబ్బుండదు. నా దగ్గరకు వచ్చే కేసుల్లో మళ్లీమళ్లీ కనిపించేది ఇదే. రెండేళ్ల క్రితం చూపించుకుని ఉంటే పరీక్షలతో, మాత్రలతోనే అదుపులోకి వచ్చేదేమో. మీ ఇంట్లో ఆదాయానికి కొరత లేదు, అత్యవసర నిధి లేదు, అంతే. చీటీ ఉంది కదా అనకండి. పాట పాడి, తగ్గించుకుని, నష్టానికి ఎత్తుకోవాల్సిన డబ్బు అత్యవసర నిధి కాదు.

బీమా ఉన్నా పరీక్షల, మందుల ఖర్చు తీరేది కాదని కూడా గుర్తుంచుకోండి. డాక్టర్ ఫీజు, స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష, ఐరన్ మాత్రలు, నెలనెలా ప్యాడ్లు, వీటిని ఆసుపత్రిలో చేరితే గానీ పనిచేయని మామూలు పాలసీ ఇవ్వదు. ఇవి చేతి డబ్బుతోనే నడవాలి. అందుకే మూడు నెలల ఇంటి ఖర్చు, మీ విషయంలో 81 వేలు, విడిగా ఉండాలంటాను.

ఇక ఆ ఏజెంటు సలహా. గర్భసంచి గడ్డలు, అధిక రక్తస్రావం, గర్భసంచి తొలగింపు లాంటివాటికి చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ ఉంటుంది. ముందే ఉన్న జబ్బయితే 36 నెలల దాకా పెట్టొచ్చు. రెండు నెలలకు క్లెయిమ్ అన్నది పచ్చి అబద్ధం. దాచి తీసుకుంటే మీ స్కానింగ్ రిపోర్టు తేదీయే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. పాలసీ రద్దయితే ఇంట్లో మిగతావాళ్ల రక్షణా పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాసి ఫ్యామిలీ పాలసీ తీసుకోండి, కానీ ఈ ఆపరేషన్ కోసం కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.

వైద్యం నా పని కాదు, కానీ 90 వేలు ఖర్చు పెట్టే ముందు రెండో డాక్టర్‌ని అడగమనడం నా పనే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 3 శాతం మందికి గర్భసంచి తీసేస్తే, మన రాష్ట్రంలో అది 9 శాతానికి దగ్గరగా ఉంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. మీకు ఆపరేషనే దారి కావచ్చు, కాకపోవచ్చు. విజయనగరం ఘోషాసుపత్రికో, నెల్లిమర్ల మిమ్స్‌కో, శ్రీకాకుళం రిమ్స్‌కో రిపోర్టులన్నీ పట్టుకెళ్లి ఇవి అడగండి: గడ్డలు ఎంత సైజు, ఎక్కడున్నాయి? నెలసరి రోజుల్లో రక్తం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు సరిపోతాయా? గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ నాకు పనికొస్తుందా? అది ఐదేళ్లు, అంతకు మించి కూడా పనిచేస్తుంది, ఖర్చు ఆపరేషన్‌లో చిన్న వంతు. గడ్డలు మాత్రమే తీయొచ్చా? గర్భసంచే తీయాల్సి వస్తే అండాశయాలు ఉంచుతారా? ఈలోగా 7.4 రక్తాన్ని పెంచడం వాయిదా వేయకండి. ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, మళ్లీ కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా క్యాజువాలిటీకి వెళ్లండి.

రేషన్ కార్డు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, ఏ చికిత్సకు ఏ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి. ఎంత చేసినా కొంత డబ్బు తక్కువపడితే, బంగారం బ్యాంకులోనే తాకట్టు పెట్టండి. వడ్డీ రూపాయికి అటూఇటూగా పడుతుంది, మూడు రూపాయలు కాదు.

ఉన్న 14 వేలు ఈ పరీక్షలకు, రానుపోను ఖర్చులకు వాడుకోండి, అవి ఉన్నదే అందుకు. చీటీ మధ్యలో ఎత్తకండి. చివరిదాకా కట్టి వచ్చే మొత్తాన్ని అత్యవసర నిధిలో వేయండి. సుకన్య ఖాతాలో ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా ఆగిపోదు. కాబట్టి ఈ ఒక్క ఏడాదికి ఆ 1,500ను, నెలాఖరున మిగిలే 2,500ను కలిపి వేరే ఖాతాలోకి మళ్లించండి. ఆ ఖాతా మీ ఒక్కరి పేరు మీద తెరవండి, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.