రాసుకున్న అభిప్రాయాలు చివరికి ఏమవుతాయి?

ప్రశ్న: సోషల్ వర్క్‌లో పీజీ చివరి సంవత్సరం చదువుతూ ఒక కన్సల్టెన్సీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఒక ప్రాజెక్టు కోసం స్టేక్‌హోల్డర్లతో, అంటే దాని ప్రభావం పడేవాళ్లతో, దానితో సంబంధం ఉన్నవాళ్లతో జరిగే సంప్రదింపుల సమావేశాల్లో నోట్స్ రాసుకుని, వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించడం నా పని. నాలుగు సమావేశాలయ్యాయి. రెండు వందలకు పైగా అభిప్రాయాలు పోగయ్యాయి. వాటిని ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు. స్నేహితులంతా డేటా అనలిటిక్స్ నేర్చుకుంటున్నారు, నేనేమో గుమస్తా పని చేస్తున్నాననిపిస్తోంది. నాన్నగారు కూడా ఇది మానేసి వేరే కోర్సులో చేరమంటున్నారు. ఇందులో కెరీర్ ఉందా?

జవాబు: మీరు ఇప్పుడు చేస్తున్నది సగం పని. అంతవరకే చేసి ఆగిపోతే అది గుమస్తా పనే, మీ అనుమానంలో తప్పు లేదు. మిగతా సగం తెలిసినవాళ్లు తక్కువ. ఉద్యోగం ఉన్నది అందులోనే.

ఆ సగం ఏమిటో తెలియాలంటే ఒక నిబంధన చూడండి. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చే ప్రాజెక్టులకు 2018 అక్టోబరు నుంచి పది పర్యావరణ, సామాజిక ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. పదోది స్టేక్‌హోల్డర్లతో సంప్రదింపులు, సమాచార వెల్లడి గురించి. ఎవరెవరిని సంప్రదించారు, వాళ్లు చెప్పినదాని సారాంశం ఏమిటి, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారు, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదు... ఇదంతా రాతలో పెట్టి బయటికి వెల్లడించాలని అందులో ఉంది. 1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడా, పర్యావరణంపై ప్రభావం చూపే నిర్ణయాల్లో ప్రజలు చెప్పినదాన్ని తగినట్టు లెక్కలోకి తీసుకోవాలంటుంది. ప్రపంచ బ్యాంకు నిబంధనను ఒక ఉద్యోగ ప్రకటన అనుకుని మళ్లీ చదవండి. మొదటి రెండు ముక్కలు మీరు చేస్తున్నారు. చివరి రెండూ మీ ఆఫీసులో ఎవరూ చేయడం లేదు.

ముందు రాత సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ పాడైతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. సమావేశంలో ఒకావిడ లేచి, 'సాయంత్రం ఏడు దాటితే ఆ దారిలో లైట్లుండవు, అందుకే మా అమ్మాయి క్లాసులు మానేసింది' అన్నారనుకోండి. నివేదికలోకి వచ్చేసరికి అది 'మహిళల భద్రతపై ఆందోళన వ్యక్తమైంది' అయిపోతుంది. వాక్యం మర్యాదగానే ఉంది. దీన్ని పట్టుకుని ఇంజినీరు ఏం చేస్తాడు? ఆవిడ మాటలో చోటుంది, వేళ ఉంది, కారణం ఉంది, దానివల్ల జరిగిన నష్టం ఉంది. నివేదికలో వీటిలో ఒక్కటీ మిగల్లేదు.

అందుకని షీట్‌లో రెండు గడులు వేరుగా పెట్టండి. ఒకదాంట్లో వాళ్ల మాట ఉన్నదున్నట్టు, రెండోదాంట్లో మీకు అర్థమైనది. ఈ రెండిటినీ కలపకండి. ఒకరు మూడు విషయాలు మాట్లాడితే మూడు వరుసలు, ప్రతి వరుసకూ ఒక నంబరు. ఏ సమావేశం, ఏ తేదీ, మాట్లాడినవాళ్లు ఏ వర్గానికి చెందినవారు అన్నది ఉంటే చాలు. పేర్లు, ఫోన్ నంబర్లు ఈ షీట్‌లో వద్దు, అవసరమైతే వేరే ఫైల్లో తాళం వేసి పెట్టుకోవాలి. ఆడియో రికార్డు చేస్తుంటే ముందే అడిగి, ఒప్పుకున్నాకే చేయాలి. రానివాళ్ల గురించి, వచ్చి కూడా నోరు విప్పనివాళ్ల గురించి ఒక వరుస రాసుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. ఇంకొకటి, నోట్స్‌ను అదే రోజు రాత్రి సాపు రాయాలి. రెండ్రోజులాగితే మీ చేతిరాత మీకే అర్థం కాదు, అర్థమైనా ఆ మాట ఏ స్వరంలో అన్నారో గుర్తుండదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నాళ్లు నేనూ ఇలాంటి సమావేశాల్లో నోట్స్ రాశాను. ఒకసారి వెనక వరుసలో ఓ పెద్దాయన, 'ఇది కట్టాక వాన నీళ్లు ఎటు పోతాయి?' అని రెండుసార్లు అడిగారు. ఎవరూ జవాబివ్వలేదు. ఆ ప్రశ్న పుస్తకంలో రాసుకున్నాను గానీ నివేదికలో 'సభికులు సానుకూలంగా స్పందించారు' అని వేశాను. పైవాళ్లకు ఆ వాక్యమే కావాలని నాకు తెలుసు. మరుసటి వానలకు అక్కడ నీళ్లు నిలిచాయి. 'ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదా?' అని మీటింగులో అడిగినప్పుడు ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు.

ఇక మీ రెండు వందల వరుసలు. వీటిని విషయాల వారీగా విడగొట్టాలి. పరిశోధన చేసేవాళ్లు దీన్ని కోడింగ్ అంటారు, ప్రోగ్రామింగ్‌తో సంబంధం లేదు. ముందే పది శీర్షికలు రాసుకుని మాటలన్నీ వాటిలోకి కుక్కకండి. ముప్పై, నలభై వరుసలు చదివాక శీర్షికలు వాటంతటవే బయటపడతాయి. తర్వాత మీ సహోద్యోగితో అవే వరుసలను విడిగా కోడ్ చేయించి, ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. తేడా వచ్చినచోట శీర్షిక సరిగ్గా లేదని అర్థం.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు: తలలు లెక్కపెట్టి, 'డెబ్బై శాతం మంది ఒప్పుకున్నారు' అని రాసేస్తారు. సమావేశానికి వచ్చినవాళ్లు ఓటర్ల జాబితా కాదు, సర్వే శాంపిలూ కాదు. 2017లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలన్న) నిబంధనలపై అభిప్రాయాలు కోరితే 2 కోట్ల 20 లక్షలకు పైగా వచ్చాయి. వాటిలో దాదాపు 1 కోటి 80 లక్షలు నకిలీవని న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం 2021లో తేల్చింది. అందులో 77 లక్షలకు పైగా పంపింది ఒకే ఒక్క కాలేజీ కుర్రాడు, వయసు పందొమ్మిది! అటువైపు అంత పెద్ద అంకె. ఇటువైపు చక్రాల కుర్చీలో వచ్చిన ఒకే ఒక్కరు 'ఈ మెట్లు నేనెలా ఎక్కాలి?' అంటే, ఆ మాట బరువు ఒక్క ఓటేనా? ఎంతమంది అన్నారన్నది రాయండి. దాని పక్కనే, నిజమైతే ఎవరికి ఎంత నష్టమో కూడా రాయండి.

ఇప్పుడు అసలు గడి: 'ఏం చేశాం?' దీనికి జవాబులు నాలుగే. ఒప్పుకుని మార్చాం. కొంతవరకే మార్చాం. కుదరదు, కారణం ఇది. మా పరిధిలోది కాదు, ఫలానావాళ్లకు పంపాం. నాలుగింటిలో ఏదైనా సరే, ఎవరి బాధ్యత, ఏ తేదీలోగా అన్నవి పక్కన ఉండాలి. 'గమనించాం', 'పరిశీలిస్తాం' అని రాసి ఉంటే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. నా అనుభవంలో మూడో జవాబు రాయించడం అన్నిటికంటే కష్టం. కాదనడానికి కారణం రాతలో పెట్టాలంటే అందరికీ చెయ్యి ఆగుతుంది.

ఇంటర్న్‌గా మీరు ఆ గడి నింపలేరు. నింపగలవాళ్ల దగ్గరికి దాన్ని తీసుకెళ్లగలరు. ఇంజినీరుకు రెండు వందల వరుసల ఫైలు మెయిల్ చేస్తే ఆయన తెరవడు. ఆయన పనికి సంబంధించిన పదకొండు వరుసలే తీసి, 'సార్, 43వ నంబరులో చెప్పిన లైట్ల విషయం డిజైన్‌లో ఉందా?' అని అడిగితే జవాబు వస్తుంది. ఈ పని తెలిసినవాళ్లను ఏ టీమూ సులువుగా వదులుకోదు.

జాప్యం చేయొద్దని కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1985 నాటి గన్నింగ్ కేసులో, సంప్రదింపులు ఎలా జరగాలన్నదానిపై న్యాయస్థానం ఒప్పుకున్న నాలుగు సూత్రాలను అక్కడి సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. మొదటిది, నిర్ణయం ఇంకా రూపుదిద్దుకునే దశలో ఉండగానే సంప్రదించాలి. నాలుగోది, నిర్ణయం ఖరారు చేసేటప్పుడు వచ్చిన అభిప్రాయాలను మనస్ఫూర్తిగా లెక్కలోకి తీసుకోవాలి. మధ్యలోవి తగినంత సమాచారం, తగినంత గడువు. డిజైన్ ఖరారయ్యాక మీ షీట్ ఎంత బాగున్నా దస్త్రమే తప్ప ఉపయోగం లేదు. అందుకే ఐదో సమావేశం దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ ఐదో సమావేశానికి వెళ్లినప్పుడు, పోయినసారి మీరు చెప్పినవాటిలో ఇవి మారాయి, ఇవి మారలేదు అని ముందుగా చెప్పమని మీ మేనేజరును అడగండి.

ఇక కెరీర్. స్టేక్‌హోల్డర్ ఎంగేజ్‌మెంట్ ఆఫీసర్, సోషల్ సేఫ్‌గార్డ్స్ స్పెషలిస్ట్, కమ్యూనిటీ లైజన్ ఆఫీసర్, మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్ అసోసియేట్ అన్న పేర్లతో వెతకండి. మౌలిక సదుపాయాల ప్రాజెక్టులు, అభివృద్ధి బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు, పర్యావరణ కన్సల్టెన్సీలు, గనులు, విద్యుత్ కంపెనీలు తీసుకుంటాయి. ఒక విషయం దాచను. ఈ ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టు మీద ఉంటాయి, ప్రాజెక్టు అయిపోతే కొత్తది వెతుక్కోవాలి, తిరుగుడు ఎక్కువ. నాన్నగారి భయం అదే అయితే ఆ భయానికి ఆధారం ఉంది. మీరూ ఆయనా కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఆ ఒక్క విషయం గురించే. ఇది గుమస్తా పనా కాదా అన్నది కాదు.

డేటా అనలిటిక్స్‌ను పోటీగా చూడకండి. ఎక్సెల్‌లో వరుసలను కూడి చిన్న పట్టికగా చూపే పివట్ టేబుల్స్, ఫీల్డ్‌లో ఫోన్‌తో వివరాలు సేకరించే కోబోటూల్‌బాక్స్, మాటల రూపంలో ఉన్న డేటాకు ఎన్‌వివో లేదా అట్లాస్ టీఐ సాఫ్ట్‌వేరు... ఈ మూడూ ఆరు నెలల్లో చేతికి వస్తాయి. మీ స్నేహితులు అంకెలతో పనిచేస్తారు. మాటలను, ఆ మాటలన్న మనుషులను కలిపి అర్థం చేసుకునే చదువు మీది.

ఈ వారం ఇరవై వరుసలు తీసుకుని, నేను చెప్పిన గడులన్నీ పెట్టి, వాటి మీద సంబంధిత వ్యక్తుల నుంచి జవాబులు రాబట్టండి. ఇరవైలో ఎనిమిదికి జవాబొచ్చినా మంచిదే. రానివాటి పక్కన ఎవరిని, ఏ తేదీన అడిగారో రాయండి. తర్వాత మేనేజరు అనుమతి తీసుకుని, ప్రాజెక్టు పేరు, ఊళ్లు, మనుషులు ఎవరో తెలియకుండా మార్చి ఒక పేజీ నమూనా తయారు చేసుకోండి. ఇంటర్వ్యూలో 'ఏం చేశారు?' అన్నప్పుడు ఆ పేజీ బల్ల మీద పెట్టి, 43వ నంబరు దగ్గర మొదలుపెట్టండి.