నీళ్ళలోకి ఎంత లోతు దిగుతావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీటి గురించి వ్యాసాలు రాస్తానని, వాటికి ఫొటోలు కూడా నువ్వే తీసుకుంటానని రాశావు. చాలా సంతోషం. ఏ కెమెరా కొనాలో చెప్పమన్నావు. కానీ నువ్వు ఎక్కడ నిలబడి తీస్తావో రాయలేదు. ఒడ్డునా, నడుములోతు నీళ్ళలోనా, పూర్తిగా మునిగా? అది తేలితే ఏ సామాను కొనాలో సగం తెలిసిపోతుంది.

ఒడ్డు నుంచే అయితే కొత్త కెమెరా వద్దు. ఉన్నదానికే లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి కొనుక్కో. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తూ దాన్ని తిప్పితే పైమెరుపు పోయి అడుగున రాళ్ళు కనిపిస్తాయి. ఆ పని తర్వాత కంప్యూటర్‌లో చేద్దామంటే కుదరదు. తుంపర్లు పడే చోట రెయిన్ కవర్ కూడా ఉండాలి. ‘వెదర్ సీల్డ్’ అని రాసి ఉందని ధైర్యపడకు. అది వాన జల్లు వరకే, అదీ లెన్స్‌కు కూడా సీల్ ఉంటేనే.

నీళ్ళలో దిగేటట్లయితే, కెమెరా నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే పెట్టె మీది అంకెలు అర్థం చేసుకో. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతులో అరగంట. ఆ పరీక్ష చేసేది కదలని మంచినీటిలో. అల కొట్టే దెబ్బ, ఉప్పు అందులో లెక్కకు రావు. ఒలింపస్ టఫ్ టీజీ-6 ఏ తొడుగూ లేకుండా 15 మీటర్ల వరకు, గోప్రో హీరో 12 బ్లాక్ లాంటివి 10 మీటర్ల వరకు తట్టుకుంటాయి. మొదట ఇలాంటిదే కొనమని నా సలహా.

అంతకంటే లోతుకు హౌసింగ్, అంటే కెమెరాను లోపల పెట్టి మూసే నీరు చొరని తొడుగు, తప్పదు. ప్రతి 10 మీటర్లకూ మరో వాతావరణ పీడనం మీద పడుతుంది. ఆ ఒత్తిడికి నీరు లోపలికి రాకుండా కాసేది మూత అంచున ఉండే సన్నటి రబ్బరు వలయం, ఓ-రింగ్. ఒకసారి తొందరలో నేను దాన్ని సరిగ్గా చూడలేదు. ఒక్క వెంట్రుక ఇరుక్కుంది. పైకి వచ్చేసరికి హౌసింగ్‌లో ఉప్పునీళ్ళు; ఆ కెమెరా మళ్ళీ బతకలేదు. చాలాకాలం బాధపడ్డాను. అందుకే చెబుతున్నాను, ముందు కెమెరా లేకుండా లోపల టిష్యూ కాగితం పెట్టి ముంచి చూడు. కాగితం పొడిగా ఉంటేనే కెమెరా పెట్టు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? కెమెరా బాడీ మీద కాదు, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ మీద, లైటు మీద. నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. కొద్ది మీటర్లు దిగేసరికి ఎర్రచేప బూడిదరంగులోకి మారుతుంది. నీకూ చేపకూ మధ్య ఉన్న నీళ్ళు కూడా అంతే చేస్తాయి. జూమ్ చేస్తే ఆ నీళ్ళు తగ్గవు కదా! దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాక చేప మొత్తం పట్టాలంటే వైడ్ లెన్స్ కావాలి. హౌసింగ్ ముందు చదును గాజు ఉంటే వస్తువులు పావువంతు దగ్గరగా కనిపించి దృశ్యం ఇరుకవుతుంది. బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ గాజు ఆ వెడల్పును తిరిగి ఇస్తుంది. ఫ్లాష్‌ను లెన్స్ పక్కనే పెట్టకు. చేతులు చాచినట్టు దూరంగా పక్కలకు పెట్టు. లేకపోతే నీటిలోని నలుసులన్నీ మంచు కురిసినట్టు మెరుస్తాయి.

బయటికి వచ్చాక హౌసింగ్‌ను తెరవకముందే మంచినీళ్ళలో నానబెట్టు. ఎంత అలసిపోయినా సరే, ఉప్పు ఎండేదాకా ఆగకు.

ఎక్కడ నిలబడతావో ఈసారి రాయి. లెన్స్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

నీ శ్రేయోభిలాషి